భిలాయి పెరట్లో ఎండకు ఓర్చే పూలు

భిలాయిలో ఏటా దాదాపు 1,200 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అనంతపురంలో పడేదానికి ఇది రెట్టింపు. ఇంత వాన పడే ఊళ్లో నీటి ఎద్దడికి తట్టుకునే మొక్కలెందుకన్న సందేహం సహజమే. అయితే ఆ వానలో అత్యధిక భాగం జూన్, సెప్టెంబరు మధ్యనే కురిసిపోతుంది. మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అందుకే ఉక్కునగరం క్వార్టర్ల పెరట్లో నాటే మొక్క వేరు శ్రావణంలో కుళ్లకూడదు, వైశాఖంలో ఎండకూడదు.

ఎడారి మొక్కలు చాలావరకు శ్రావణంలోనే పోతాయి. ఈ రుతుపవనాల నేలలో పుట్టిన బహువార్షికాలు, అంటే ఒకసారి నాటితే ఏళ్ల తరబడి బతికేవి, రెండు కాలాలకూ అలవాటు పడ్డాయి. ఓర్చుకునేవన్నీ ఇక్కడివే అనుకోకూడదు. బిళ్లగన్నేరు మడగాస్కర్‌ది, కాగితంపూలు దక్షిణ అమెరికావి.

మన మొక్కల్లో నాకు మొదట గుర్తొచ్చేది తంగేడు. దాని తల్లివేరు లోతుకు దిగి అక్కడి తేమను అందుకుంటుంది. ఆ వేరు కదిలితే మొక్క కోలుకోవడం కష్టం. కాబట్టి గింజల్ని వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టి, పెరిగే చోటే విత్తాలి. దీనికి ఛత్తీస్‌గఢ్ రైతులు ‘భాటా’ అనే గులకరాతి ఎర్రనేల సరిపోతుంది. ‘కన్హార్’ అనే నల్లరేగడి అయితే నీరు నిలవకుండా మట్టిని గట్టులా పోసి విత్తాలి.

డిసెంబరం పూలకు కొమ్మ చాలు, వానల్లో గుచ్చితే వేరు పడుతుంది. పసుపుపచ్చని ముళ్లగోరింట కంచె వెంట బాగుంటుంది.

ఎంత ఓర్పున్న మొక్కకైనా మొదటి వేసవిలో నీళ్లు పోయాలి. అప్పటికి దాని వేరు పైమట్టిలోనే ఉంటుంది. రోజూ కాసిని చిలకరిస్తే వేరు అక్కడే ఉండిపోతుంది. వారానికొకసారి పాదు నిండా పోస్తే, ఇంకే నీటి వెంట అదీ కిందికి దిగుతుంది. పాదులో ఎండుటాకులు పరిస్తే తేమ త్వరగా ఆరదు. రెండో ఏడు దాటాక ఈ శ్రమ చాలా తగ్గుతుంది.

అగ్నిశిఖ దారి వేరు. వానాకాలంలో తీగసాగి ఎర్రగా పూసి, ఆ తర్వాత పైభాగమంతా ఎండిపోతుంది. దుంప మాత్రం మట్టిలో నిద్రపోతూ వేసవి దాటుతుంది. ఆ దుంప విషం, పిల్లలున్న ఇంట్లో నాటకపోవడమే మంచిది. నాటినవారు అది నిద్రించే చోట ఒక కర్ర పాతాలి. లేకపోతే ఏప్రిల్‌లో ఖాళీగా కనిపించే ఆ మడిని ఎవరో ఒకరు తవ్వేస్తారు.