అట్టమీదికి వచ్చిన అవతారిక

పెండ్లి శుభలేఖ తెలిసినవారికి పంపేది. పుస్తకపు ముఖపత్రం తెలియనివారిని పిలిచేది. విశాఖపట్నం వన్ టౌన్ వంటి పాతపేటలలోని చిన్న అచ్చుకూటాలలో ఈ రెండూ ఒకే కంప్యూటరు ముందు, ఒకే చేతిమీదుగా తయారవుతూ ఉంటవి. సొంత ఖర్చుతో పుస్తకం వేసుకొనే గ్రంథకర్తకు చిక్కు అక్కడనే వచ్చిపడుతున్నది.

ఆయన సాధారణంగా ఉద్యోగవిరమణ చేసిన ఉపాధ్యాయుడో, గుమాస్తాయో అయి ఉంటాడు. ముప్పది యేండ్లుగా వ్రాసుకొన్న పద్యాలో, కథలో ఉంటవి. దాచుకొన్న సొమ్ములో కొంత తీసి 500 ప్రతులు వేయిస్తాడు. లోపలి పుటలను నాలుగుమార్లు దిద్దుతాడు; అట్ట సంగతి మాత్రం చివరి సాయంకాలానికి మిగులుతుంది. అప్పుడు దానిమీదికి ఏమేమి ఎక్కుతవి? పైన ఇష్టదైవం, నడుమ ఉదయిస్తున్న సూర్యుడు, ఒక హంస, రెండు తామరలు. మూలన గ్రంథకర్త ఛాయాచిత్రం, బిరుదులు, పట్టాలు. అడుగున ద్రవ్యసహాయం చేసిన బావమరిది పేరు. ఇన్నిటి మధ్య పుస్తకం పేరు బిక్కుబిక్కుమంటూ ఉంటుంది.

పూర్వకవులకు ఈ ముచ్చటలు లేకపోలేదు. ఇష్టదేవతాస్తుతి, వంశవర్ణన, కృతిపతి ప్రశంస, షష్ఠ్యంతాలు అన్నీ యథావిధిగా నడిపినారు. అయితే అవి అవతారికలో ఉండేవి. గ్రంథం విప్పినవానికే కనబడేవి. నేటివారు అవతారికనంతా అట్టమీదికి తెచ్చినారు.

పేదరికం దీనికి కారణం కాదు. సీసపు అక్షరాల కాలంలో బొమ్మ కావలెనంటే బ్లాకు చేయించాలి. ప్రతి రంగుకూ కాగితం మరొకసారి యంత్రంలోకి పోవాలి. అందుచేత చిన్న ప్రచురణకర్త రంగుకాగితంమీద పెద్ద అక్షరాలతో పేరు, చుట్టూ పూల అంచు, క్రింద కవి పేరు వేసి ఊరుకొనేవాడు. ఆ అట్టలు గొప్ప అందమైనవని కాదు, దూరంనుంచి చదవవచ్చును. కంప్యూటరు వచ్చిన తరువాత రంగులకూ బొమ్మలకూ అడ్డు పోయింది, అదే చేటయింది. 1935లో ఇంగ్లండులో ఎలెన్ లేన్ ఆరంభించిన పెంగ్విన్ పుస్తకాల అట్టమీద కథకు సంబంధించిన బొమ్మే లేదు. రెండు రంగుపట్టీల నడుమ తెల్లపట్టీలో పేరు, అడుగున చిన్న పక్షి. నారింజరంగు కనబడితే నవల అని జనానికి తెలిసిపోయేది.

తెలుగు లిపికి ప్రత్యేకమైన ఇబ్బంది మరొకటి ఉన్నది. గుడులు పైకి పోతవి, వత్తులు క్రిందికి దిగుతవి. ఇంగ్లీషు అక్షరాల కొలతతో పంక్తులను పేర్చితే పైపంక్తి వత్తు క్రిందిపంక్తి తలకట్టును పొడుస్తుంది. అప్పుడు అక్షరాలను ప్రక్కలనుంచి నొక్కుతారు. నొక్కినవి కనబడడం లేదని నీడ తగిలిస్తారు, నీడ చాలదని బంగారుగీత చుట్టుతారు. గుండ్రదనమే ప్రాణమైన లిపి గదా, ఇక మిగిలేదేమిటి? బాపు (1933–2014) తన చేతివ్రాతనే అట్టకు అలంకారం చేసినాడు. బొమ్మచుట్టూ ఖాళీని ధైర్యంగా విడిచినాడు. ఆయన అక్షరాలు తరువాత కంప్యూటరులోకి వచ్చినవి. వాటిని వాడుకొనేవారు ఆ ఖాళీని మాత్రం తెచ్చుకోలేదు.

ఇక పుస్తకపు వెన్ను. పుస్తకం పలుచనిదని దానిమీద పేరే వేయనివారు అనేకులు. ఆవిష్కరణసభలో పంచిన ప్రతులు ఎట్లాగూ తెలిసినవారికే చేరుతవి. ఒకటి రెండు ప్రతులు ద్వారకానగరు పౌరగ్రంథాలయం వంటి చోటికి వెళ్లినా, బీరువాలో కనబడేది వెన్ను ఒక్కటే. అక్కడ చేయి చాచిన విద్యార్థికి ముప్పది యేండ్ల ఆ రచన రెండు పుస్తకాల నడుమ తెల్లని సందుగా కనబడుతుంది. వ్రేళ్లు దానిని దాటి ప్రక్క పుస్తకంమీదికి పోతవి.