మిద్దెమీద మూలికల తోట

“నగరములో జానెడు నేల లేదు. మిద్దెపై ఔషధ మొక్కలు పెంచుకొనవచ్చునా?” అని నా వద్దకు వచ్చు గృహిణులు తరచుగా అడుగుచుందురు. తప్పక పెంచుకొనవచ్చును. అయితే మందుకు మోతాదు ఎట్లో, మిద్దెకు బరువు అట్లు. ఈ సంగతి నాకు నా ఇంటి కప్పే నేర్పినది.

కొన్నేండ్ల క్రితము హైదరాబాదులోని మా డాబాపై ఇటుకలతో మడులు కట్టించి, ఎర్రమట్టిని అడుగు మందమున నింపించితిని. గురువుగారి వెంట మూలికలకై తిరిగిన దినములు మరల వచ్చినవని మురిసిపోయితిని. రెండవ వర్షాకాలములో ఒక రాత్రి పడకగది కప్పునుండి అరచేయంత పెచ్చు ఊడి, మనుమడు నిద్రించుచున్న మంచము ప్రక్కనే పడినది. మరునాడే మట్టి దింపించితిని.

చూడవచ్చిన ఇంజనీరు కారణము వివరించెను. ఎడతెగని తడి స్లాబులోనికి ఇంకి ఇనుపచువ్వలకు తుప్పు పట్టును. తుప్పు ఉబ్బి పెచ్చును నెట్టివేయును. ఇక బరువు మాట. మన దేశపు నిర్మాణ ప్రమాణము ఐ.ఎస్. 875 మనుషులు తిరుగు మిద్దెకు చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు భారమును లెక్కించును. అడుగు మందపు తడిమట్టి అంతే స్థలములో సుమారు 500 కిలోలు తూగును!

కావున మడులు వలదు. కుండీలు, గ్రో బ్యాగులు చాలును. కొబ్బరిపొట్టు, చివికిన పశువుల ఎరువు, మట్టి సమభాగములుగా కలిపినచో బరువు తగ్గును. కుండీలను నడిమధ్యన గుంపుగా పెట్టక, దూలములు, స్తంభములు ఉన్నచోట గోడల వెంబడి అమర్చవలెను. క్రింద ఇటుకలు ఉంచినచో వాననీరు తూమువైపు పోవును. ముందుగా వాటర్ ప్రూఫింగ్ చేయించుకొనుట మేలు. పాత ఇండ్లవారు ఇంజనీరుకు చూపించవలెను. అపార్టుమెంటులో మిద్దె అందరిదీ గనుక ఇరుగుపొరుగుల సమ్మతి పొందవలెను.

సుశ్రుత సంహిత సూత్రస్థానము 36వ అధ్యాయము మూలికలకు తగిన భూమిని వివరించుచున్నది. శ్మశానముల వద్ద, పుట్టలపై మొలచిన వానిని మా గురువుగారు తాకనిచ్చెడివారు కారు. ఆ నియమము కుండీకీ వర్తించును. మురుగుకాలువ గట్టుమట్టి, రోడ్డుప్రక్క మట్టి వాడరాదు. పురుగుమందు చల్లిన ఆకును ఔషధముగా తీసుకొనరాదు.

తొలి ఏడు తులసి, పుదీనా, వాము ఆకు, కలబంద చాలును. నీడ ఉన్నచోట సరస్వతి ఆకు పెంచవచ్చును. జలుబునకు వాము ఆకు రసము తేనెతో ఇచ్చుట మన ఇండ్లలో వాడుకే. ఏడాది నిండని శిశువుకు మాత్రము తేనె ఇవ్వరాదు. అడ్డసరము పెంచినచో గర్భిణులు దానిని లోనికి తీసుకొనరాదు.

మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటును గనుక నీడవల కట్టి, ఉదయము, సాయంత్రము నీరు పోయవలెను. ఆకుల నీడవలన, తడి ఆరుటవలన ఆ మేరకు స్లాబు వేడి తగ్గును. కుండీల క్రింది పళ్లెములలో నీరు నిలిచినచో డెంగ్యూ దోమ వారము, పది దినములలో గ్రుడ్డునుండి పెరిగి ఎగిరిపోవును. వారమునకొకసారి పళ్లెములను తోమి బోర్లించవలెను.

పది కుండీలతో ప్రారంభింపుడు. ఒక వర్షాకాలము గడచిన పిదప క్రింది గదుల కప్పును పరిశీలింపుడు. చెమ్మ కనబడనిచో మరి పది చేర్చుకొనవచ్చును. మిద్దెపై మొక్క ఎంత ముఖ్యమో, దాని క్రింద నిద్రించు పసివాడు అంతకన్న ముఖ్యము.