దయ్యానికి తాళంచెవి ఎందుకక్కా?

పాడుబడ్డ బంగళా... మూసిన గది... అర్ధరాత్రి గజ్జెల చప్పుడు! హారర్ సీరియల్ టీవీలో అరగంటే. ఆ తర్వాత అరుగుల మీద నడిచే చర్చకు మాత్రం ‘సశేషం’ తప్ప ‘సమాప్తం’ ఉండదు.

మృగశిర కార్తె దగ్గరపడిందంటే అనంతపురం పల్లెల్లో వేరుశనగ విత్తనపు కాయలు ఒలిచే పని మొదలైనట్టే. యంత్రాలొచ్చినా, విత్తనానికి చేత్తో ఒలిచిన గింజే మేలనే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అరుగు మీద నలుగురు ఆడవాళ్లు చేరితే చేతులు కాయల మీద, మాటలు సీరియల్ మీద.

‘‘దయ్యమంటిరి. గోడలోంచి వచ్చె, గోడలోంచే పాయె. మరి నిన్న రాత్రి తాళం తీసి లోపలికొచ్చిందేమక్కా?’’

‘‘అది దయ్యం కాదు మే. ఆ ఇంటి చిన్నకోడలు. దయ్యం మాదిరి నటిస్తాండాది.’’

‘‘అట్లయితే పోయిన వారం కాళ్లు వెనక్కి ఎట్లుండె?’’

జవాబు లేదు. గింజలు చేటలోకి, ప్రశ్న రేపటికి!

భయపడుతూనే చూశాం

తెలుగిళ్లకు ఈ భయం కొత్తది కాదు. 90ల చివర్లో అచ్యుత్, యమున నటించిన ‘అన్వేషిత’ ఈటీవీలో వస్తుంటే దుప్పటి కప్పుకొని చూసిన పిల్లలు ఇప్పుడు పిల్లల తల్లులు. తమిళం నుంచి వచ్చిన ‘మర్మదేశం’లో గుర్రపు డెక్కల చప్పుడు వినిపిస్తే ఒంటరిగా పెరట్లోకి వెళ్లినవారు లేరు. 2017లో మొదలైన ‘నందిని’లో పామూ ఉంది, దయ్యమూ ఉంది.

ఇష్టంగా చూసేవాళ్లే తప్పులూ పడతారు. పూజగదిలోకి రాలేని ఆత్మ నెల తిరిగేసరికి అక్కడే ఎలా నిలబడింది? మేడమెక్కిన మేనమామ మళ్లీ దిగనేలేదే? ఇలాంటి లెక్కలన్నీ ప్రేక్షకుల దగ్గర భద్రంగా ఉంటాయి.

రాసేవాళ్ల ఇబ్బందీ లేకపోలేదు. డైలీ సీరియల్ అంటే వారానికి ఐదారు భాగాలు. ఓపక్క ప్రసారం, మరోపక్క షూటింగ్. మధ్యలో ఓ నటి మానేస్తే పాత్ర ఊరెళ్లిపోతుంది. రేటింగు తగ్గితే చచ్చిపోయినవాడు లేచొస్తాడు!

అమెరికాలోనూ ఇదే గోల

1966 జూన్‌లో అమెరికాలో ఏబీసీ చానల్ ‘డార్క్ షాడోస్’ అనే డైలీ సీరియల్ మొదలుపెట్టింది. విక్టోరియా అనే అనాథ తన పుట్టుక రహస్యం తెలుసుకోవాలని ఓ పాత బంగళాకు రావడంతో కథ మొదలవుతుంది. రేటింగు అంతంతమాత్రం. దాంతో 1967లో బార్నబస్ అనే రక్తపిశాచిని దింపారు. అంతే, బడి వదలగానే పిల్లలు టీవీల ముందుకు పరుగులు పెట్టారు. 1971 ఏప్రిల్ దాకా 1,225 భాగాలు నడిచింది.

మరి విక్టోరియా తల్లి ఎవరు? చెప్పనేలేదు! ఆ పాత్ర వేసిన నటి 1968లో తప్పుకుంది. మొదటి రోజు వేసిన ముడి చివరి రోజుకూ విప్పలేదు. అభిమానులు ఇప్పటికీ ఆ తల్లి ఎవరో వాదించుకుంటూనే ఉన్నారు. ఇంకో సంగతి. 1,219వ భాగం టేపు పోయింది. ఎవరో ఇంట్లో టీవీ పెట్టుకుని రికార్డు చేసుకున్న శబ్దం ఆధారంగా ఆ భాగాన్ని మళ్లీ అల్లారు. తీసినవాళ్లు పోగొట్టుకున్నదాన్ని చూసినవాళ్లు దాచిపెట్టారన్నమాట!

ఉరుములే... చినుకేదీ?

అరుగు మీది తీర్పు మాత్రం స్పష్టం. కథలో సందు ఉంటే క్షమిస్తారు. నలుగురూ కలిసి తలో ఊహతో దాన్ని పూడ్చుకుంటారు. సాగదీస్తేనే ఊరుకోరు.

తలుపు చప్పుడవుతుంది. అత్త ముఖం, ఉరుము. కోడలి ముఖం, ఉరుము. పనిమనిషి ముఖానికీ ఉరుమే! తలుపు తెరుచుకునేది సోమవారం. అరగంటలో ప్రకటనలు పోను మిగిలేదే ఇరవై పైచిలుకు నిమిషాలు. అందులో నిన్నటి కథ కొంత, రేపటి కథ కొంత. ‘మర్మదేశం’ వారానికోసారే వచ్చినా ఇంత విసుగు పుట్టలేదు. ఎదురుచూసినందుకు చివర్లో జవాబు దొరికింది. అదీ దైవంలో కాదు, మనిషి మనసులో.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ వేళకు పడుతుందన్న నమ్మకం లేని నేల ఇది. ఎదురుచూడటం ఇక్కడివాళ్లకు ఒకరు నేర్పాలా? మోడం పట్టి కురవకపోతే ఆకాశాన్ని ఎవరూ నిలదీయలేరు. సీరియల్లో ఉరుము మాత్రం మనిషి వేసిందే కదా! అందుకే ఆ కోపం.

అమ్మ చెప్పే కథ

కరెంటు కోతల రోజుల్లో ఓ వీధిలో దీపాలు పోతే పక్క వీధి వాళ్లు వచ్చి కథ చెప్పేవారు. చెప్పేటప్పుడు ఇంత ఉప్పూకారం కలిపేవారు కూడా. ఇప్పుడు పోయిన భాగం ఫోన్లో దొరుకుతుంది. అయినా ఆ చెప్పుకోవడం ఆగలేదు. పంట పోయి బెంగళూరుకు పనికి వెళ్లిన కూతురు రాత్రి ఇంటికి ఫోన్ చేస్తుంది. వాన పడిందా అని అడగాలంటే ఆమెకు భయం. లేదని చెప్పాలంటే తల్లికి బాధ. అందుకే కూతురు వేరే ప్రశ్నతో మొదలుపెడుతుంది... ‘‘అమ్మా, ఆ తాళంచెవి సంగతి తేలిందా?’’

ఆ భాగం ఆమె బస్సులో ఫోన్లో చూసేసింది. ఆ సంగతి తల్లికీ తెలుసు. అయినా మొదటినుంచీ చెబుతుంది.