టీమ్ ఫొటోలో మధ్యన ఎవరు?

టీమ్ ఫొటోలో ఎవరెక్కడ నిలబడాలో ఎవరూ చెప్పరు. అయినా అందరికీ తెలుసు. మధ్యలో మేనేజరు, క్లయింట్ వచ్చిన రోజైతే క్లయింటు. పొడుగువాళ్లు వెనక. ఫ్రెషర్లు చివర్న, సగం మొహంతో. మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఏ ఆఫీసు మెట్ల మీద చూసినా ఇదే వరస. నాకైతే ఈ ఫొటోలు చూడటం ఓ పిచ్చి. ఎవరు ఎవరి పక్కకి జరిగారో గమనిస్తే ఆ ఏడాది అప్రైజల్స్ సంగతి సగం అర్థమైపోతుంది.

ఈ లెక్క ఇప్పుడు పుట్టింది కాదు. ఇటలీలోని మాంటువాను గొంజాగా వంశం ఏలుతున్న రోజుల్లో, ఆంద్రియా మాంటెన్యా అనే చిత్రకారుడు వాళ్ల కోటలో ఒక్క గదికి బొమ్మలు వేశాడు. 1465లో మొదలుపెడితే 1474కి పూర్తయింది. తొమ్మిదేళ్లు! అందులో లుడోవికో దొర, భార్య బార్బరా, పిల్లలు, కొలువు ఉద్యోగులు, కుర్చీ కింద పడుకున్న పెంపుడు కుక్క కూడా ఉన్నారు. దొరగారి చేతిలో ఉత్తరం. పక్కకి వంగిన ఉద్యోగితో ఏదో మాట్లాడుతున్నాడు. ఫొటోకి నిలబడి కూడా మెయిల్స్ చూసుకునే బాసు మీకూ ఉండే ఉంటాడు కదా! తమాషా ఏంటంటే, గోడ మీద గీసిన ఆకుల డిజైన్ మధ్య మాంటెన్యా తన మొహాన్ని కూడా చిన్నగా దాచేశాడు. వెతికితే గానీ కనబడదు.

ఆ తర్వాత ఓ అరవై, డెబ్బై ఏళ్లకి మన దగ్గరా ఇలాంటి బొమ్మలు వచ్చాయి. వీకెండ్‌కి బెంగళూరు కారేసుకుని వెళ్తే దారి కాస్త మళ్లించండి. హిందూపురానికి 15 కిలోమీటర్ల దూరంలో లేపాక్షి. వేలాడే స్తంభం కింద గుడ్డ లాగి రీల్ చేసుకుని వచ్చేస్తారు చాలామంది. తలెత్తి పైకప్పు చూడరు. అచ్యుతరాయల కాలంలో (1529-42) పెనుకొండ ప్రాంతాన్ని చూసుకున్న విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన గుడి అది. ఒక చిత్రంలో వాళ్లిద్దరూ ముందు, పరివారం వెనక నిలబడి పూజారి దగ్గర ప్రసాదం అందుకుంటుంటారు. తలల మీద పొడవాటి కుళ్లాయిలు. మొహాలన్నీ దాదాపు ఒకేలా, పక్కకి తిరిగి ఉంటాయి. ముక్కు ఎవరిది, గడ్డం ఎవరిది అని పోల్చుకోవడం కోసం వేసిన బొమ్మ కాదది. నిలబడిన చోటే గుర్తింపు.

ఇంకాస్త ముందుకెళ్తే దాదాపు 24 అడుగుల వీరభద్రుడు. ఆయన పక్కన అదే అన్నదమ్ములు, కానీ చాలా చిన్నగా. జనం ముందు పెద్దవాళ్లు, దేవుడి ముందు బొమ్మంత వాళ్లు. డబ్బు పెట్టినవాళ్లు తమని అంత చిన్నగా వేయించుకోవడం నాకు భలే నచ్చింది. మన టౌన్‌హాల్ మీటింగుల్లో స్టేజీ స్క్రీన్ మీద మొహాలు ఏ సైజులో ఉంటాయో తెలుసుగా.

విరూపణ్ణ ఖజానా డబ్బు గుడికి తగలేశాడన్న నింద వచ్చిందనీ, తన కళ్లు తనే పెరికి గోడకి కొట్టాడనీ స్థలపురాణం. ఆ ఎర్రటి మరకలు ఇప్పటికీ చూపిస్తారు. గైడ్లు ఈ కథ ఒక్క ముక్క వదలకుండా చెబుతారు. పైకప్పు మీద రంగులద్దినవాళ్ల గురించి మాత్రం ఎవరూ ఎత్తరు.

డబ్బుకీ చోటుకీ లింకు పచ్చిగా కనబడాలంటే ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లాలి. అక్కడి నగర రక్షకదళాలు 1529 నాటికే గ్రూప్ బొమ్మలు వేయించుకున్నాయి. ఇంకో శతాబ్దం తర్వాత, 1642లో రెంబ్రాంట్ గీసిన 'ది నైట్ వాచ్' కూడా అలాంటిదే. అందులో ఉన్నవాళ్లు ఒక్కొక్కరు సుమారు 100 గిల్డర్లు ఇచ్చారు, దక్కిన చోటుని బట్టి కాస్త ఎక్కువా తక్కువా. 1715లో దాన్ని టౌన్‌హాల్‌కి మార్చినప్పుడు గోడకి పట్టలేదని అంచులు కోసేశారు. ఎడమ వైపున్న ఇద్దరు ఎగిరిపోయారు. పాపం, డబ్బులిచ్చి మరీ! 2021లో పాత నకలు దగ్గర పెట్టుకుని, ఏఐ సాయంతో ఆ ముక్కల్ని మళ్లీ తయారుచేసి కొన్నాళ్లు పక్కన తగిలించారు.

మేం పనిచేసే చోట కోసే పని ఫొటో తీయకముందే అయిపోతుంది. గత ఇయరెండ్‌కి "ఫుల్‌టైమ్ వాళ్లు ఇటు రండి" అన్నారు. మెడలో వేరే రంగు లానియార్డ్ ఉన్నవాళ్లు పక్కకి జరిగారు. మాతో మూడేళ్లు టెస్టింగ్ చేసిన ఒకావిడ, రిలీజ్ రాత్రుళ్లు మాతో సమానంగా మేలుకున్న మనిషి, అందరి ఫోన్లూ తీసుకుని ఒక్కోదాంతో ఒక్కో ఫొటో తీసిపెట్టింది. పన్నెండు ఫోన్లు. "మీరూ రండి అక్కా" అని పిలిచాను. "ఎందుకులే, మళ్లీ వాళ్లేమైనా అంటారు" అంది. రెండు నెలలకి ఆమె కాంట్రాక్టు అయిపోయింది. వీడ్కోలు కేకు కాంట్రాక్టు వాళ్లకి ఉండదట.

ఫ్రేమ్ కట్టిన ఫొటో రిసెప్షన్‌లో ఉంది, కింద పేర్లతో సహా. నా ఫోన్‌లో ఉన్న కాపీలో మా వెనక అద్దాల గోడ. బాగా జూమ్ చేస్తే, మా భుజాల మధ్య, రెండు చేతులతో ఫోన్ పైకెత్తి పట్టుకున్న ఆమె కనబడుతుంది.