కొండని పట్టుకుంది క్యారీబ్యాగులే!

పోయినేడాది ప్రాజెక్టు పని మీద ఆర్నెల్లు నోయిడాలో ఉన్నా. ఢిల్లీ వెళ్లే దారిలో ఓ కొండ, దాని పైన గుంపులుగా గద్దలు. ఇక్కడ కొండేంటి అనుకునేలోపే క్యాబ్ డ్రైవర్ అద్దాలు ఎత్తేశాడు. అది గాజీపూర్ డంపింగ్ యార్డ్.

1984లో మొదలుపెట్టారు. 2002కే నిండిపోయింది. అయినా పోస్తూనే వచ్చారు. 20 మీటర్లు దాటకూడని కుప్ప 50 మీటర్లు దాటేసింది. 2017 సెప్టెంబర్ 1న ఓ పక్క విరిగి కాలవలో పడింది. ఎగిసిన నీళ్లు రోడ్డు మీది బండ్లని లాక్కెళ్లాయి. ఇద్దరు చనిపోయారు.

నాది సివిల్ బీటెక్ (ఉద్యోగం మాత్రం జావాలో, ఆ కథ ఇప్పుడొద్దు). నాకొచ్చిన డౌటు ఎందుకు కూలిందని కాదు, అన్నాళ్లు ఎలా నిలబడిందని! పొడి ఇసుక కుప్ప పోస్తే 30, 35 డిగ్రీల వాలు దగ్గరే ఆగిపోతుంది. చెత్త అలా కాదు, దాదాపు గోడలా నిలబడగలదు. ఎందుకంటే అందులో మనం పారేసిన క్యారీబ్యాగులు, పాత చీరలు, తాళ్లు ఉంటాయి. స్లాబ్‌లో ఇనుప చువ్వల్లా అవే మొత్తాన్ని పట్టి ఉంచుతాయి.

దీనికి మొదటి శత్రువు నీరు. వాన నీళ్లు, చెత్తలోంచి ఊరే నల్లనీళ్లు బయటికి పోయే దారి లేకపోతే లోపలే చేరతాయి. పైబరువులో కొంత ఆ నీళ్ల మీద పడుతుంది. దాంతో పొరల మధ్య పట్టు తగ్గిపోతుంది. తడి రోడ్డు మీద స్పీడుగా వెళ్తుంటే టైరు కింద నీళ్లు చేరి బండి జారుతుంది చూడండి, ఇంచుమించు అలాగే. కాకపోతే ఇక్కడ జారేది లక్షల టన్నులు.

రెండోది నిప్పు. ఇది మాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. ఇండోనేసియాలో బాండుంగ్ దగ్గర లెవిగజా అనే డంప్ ఉండేది. 2005 ఫిబ్రవరి 21న, మూడు రోజులు వాన దంచాక, 27 లక్షల ఘనపు మీటర్ల చెత్త జారి కిందున్న ఇళ్లని కప్పేసింది. 140 మందికి పైగా పోయారు. తర్వాత పరిశీలించిన ఇంజినీర్లు అడుగున మెత్తటి నేలలో నీటి ఒత్తిడి పెరగడం ఒక కారణమన్నారు. ఇంకో కారణం, కుప్ప లోపల కనపడకుండా రాజుకున్న నిప్పు. అది ప్లాస్టిక్‌ని తినేసింది. అంటే, చువ్వలు లోపలే మాయమైపోయాయన్నమాట.

ఇప్పుడు గాజీపూర్‌కి రండి. కుళ్లిన చెత్తలోంచి మీథేన్ వస్తుంది కాబట్టి అక్కడ మంటలు మామూలే. 2022 మార్చిలో అంటుకుంది, 2024 ఏప్రిల్‌లోనూ అంటుకుంది. నేను చూసిన టీవీ చర్చలన్నీ పొగ గురించే. పొగ ప్రమాదమే, కాదనను. కానీ లోపల ఏ పక్క ఎంత కాలింది? ఆ పక్క వాలు ఇంకా గట్టిగానే ఉందా? అది కూడా చూడాలి కదా. పైగా ఎండాకాలం మంటలు ఆరిన రెండు నెలలకే వానలు.

నేను తిరిగొచ్చే ముందు రోజు అటు నుంచే ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లా. చిన్నగా వాన పడుతోంది. వాలు మీద బస్తాలతో చెత్త ఏరుకునేవాళ్లు ఎక్కుతున్నారు, వాళ్ల వెనకే ఇంకో లోడు లారీ.