ఉత్తర్వు రాకముందే ఒంటికి తెలుస్తుంది

ఒకటో తారీఖున జీతం పడింది. ఉద్యోగంలోనే ఉన్నారు. మిమ్మల్ని ఎవరూ తీసెయ్యలేదు. అయినా కొన్ని నెలలుగా రాత్రి రెండున్నరకు మెలకువ వచ్చేస్తోంది. చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోతుంది. సంఘం వాట్సాప్ గ్రూపులో ఎవరో ఏదో జీవో కాపీ పెట్టి ఉంటారు. అది నిజమో, పాతదో, ఎవరో కల్పించిందో తెలియదు. కింద నలభై మెసేజులు. అన్నీ చదివేసరికి నాలుగవుతుంది. ఇక నిద్రపట్టదు. పొద్దున ఛాతీలో మంట, మెడ పట్టేసినట్టు ఉంటుంది, పిల్లల మీద ఊరికే కోపం వస్తుంది. డాక్టరు దగ్గరికి వెళితే గ్యాస్ మాత్రలు రాసిస్తారు. ఆఫీసు సంగతి మీరు చెప్పరు, ఆయనా అడగరు.

మదనపల్లెలోనో, పుంగనూరులోనో, కుప్పంలోనో సచివాలయ ఉద్యోగి ఉన్న ఇల్లయితే ఇది మీకు తెలిసిన సంగతే. 2019 అక్టోబరు 2న రాష్ట్రమంతా గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. పరీక్ష రాసి లక్షకు పైగా యువత ఆ కొలువుల్లో చేరారు. రూ.15 వేల జీతం మీద రెండేళ్లు ప్రొబేషన్ అన్నారు. అది సాగి సాగి 2022లో గానీ ఖరారు కాలేదు. హమ్మయ్య అనుకుని ఇంటికి లోను పెట్టుకున్నవారు, పెళ్లి చేసుకున్నవారు ఎందరో. ఆ తర్వాత 2025 జనవరిలో హేతుబద్ధీకరణ వచ్చింది. జనాభాను బట్టి సచివాలయాలను మూడు రకాలు చేసి, ఒక్కోదానికి ఆరుగురు, ఏడుగురు, ఎనిమిది మంది చాలన్నారు. అంతకుముందు పది, పదకొండు కొలువులు ఉన్న చోట ఈ లెక్క. ఎవరినీ తీసెయ్యం, మిగిలినవారిని వేరే శాఖల్లో సర్దుతాం అని ప్రభుత్వం చెప్పింది. కానీ కాగితం మీద ‘మిగులు సిబ్బంది’ అనే మాట పడింది. రాత్రి మిగిలిన అన్నాన్ని అన్నట్టు మనిషిని మిగులు అంటే ఎవరికైనా గుచ్చుకుంటుంది.

భయం ఊరికే పుట్టిందీ కాదు. 2024 అక్టోబరులో కొత్త మద్యం విధానం వచ్చి ప్రభుత్వ దుకాణాలు మూతపడ్డాయి. వాటిలో పనిచేసిన వేలమంది సూపర్‌వైజర్లు, సేల్స్‌మెన్ ఇంటి దారి పట్టారు. 2025 జూన్ నుంచి రేషన్ మళ్లీ చౌకదుకాణాలకు మారి, ఇంటింటికీ తిరిగిన 9 వేలకు పైగా బండ్లు ఆగిపోయాయి. వలంటీర్ల వ్యవస్థ అంతకుముందే నిలిచిపోయింది. ఏ నిర్ణయం మంచిది, ఏది కాదు అన్న చర్చ ఈ పేజీది కాదు. వాళ్లలో చాలామంది రెగ్యులర్ ఉద్యోగులు కాదన్నదీ నిజమే. కానీ అదే వీధిలో ఉండి అదంతా చూసినవారికి రేపు మన వంతేమో అనిపించకుండా ఎలా ఉంటుంది?

మన ప్రాంతంలో సర్కారు నౌకరీకి ఉన్న విలువ కూడా వేరు. మదనపల్లె మార్కెట్లో టమోటా కిలో వంద దాటిన నెలలూ చూశాం, కూలి కూడా గిట్టక రోడ్డు పక్కన పారబోసిన నెలలూ చూశాం. బోరులో నీళ్లు ఎప్పుడు ఆగుతాయో తెలియదు. కుప్పం స్టేషన్లో బెంగళూరు రైలెక్కి పనికి పోయివచ్చేవాళ్ల బతుకూ మనకు తెలుసు. ఈ ఒడుదుడుకులు బిడ్డకు వద్దనే నాయన అప్పుచేసి కోచింగ్‌కు పంపాడు. ఆ ఉద్యోగమే కదులుతుంటే కుంగేది ఒక్క ఉద్యోగి కాదు, ఇంటిల్లిపాదీ.

ఇప్పుడు అసలు విషయం. ఉద్యోగం పోతే ఆరోగ్యం దెబ్బతింటుందని అందరికీ తెలుసు. పోతుందేమోనని ఎదురుచూసే కాలం కూడా దెబ్బతీస్తుందని చాలామందికి తెలియదు. ‘ఇంకా ఏమీ కాలేదు కదా, అప్పుడే ఎందుకంత బెంగ’ అని ఇంట్లోవాళ్లు అంటారు. ఒంటికి ఆ తేడా తెలియదు.

లండన్‌లో 1985లో పది వేల మందికి పైగా ప్రభుత్వ ఉద్యోగుల మీద వైట్‌హాల్ అధ్యయనం రెండో విడత మొదలైంది. అది గుండె జబ్బుల కోసం మొదలుపెట్టిన పరిశీలన. మధ్యలో, ప్రభుత్వ భవనాలు చూసే ఒక శాఖను ప్రైవేటుకు అప్పగించబోతున్నారని తేలింది. అప్పటికే ఆ ఉద్యోగుల ఆరోగ్య వివరాలు చేతిలో ఉన్నాయి కాబట్టి పరిశోధకులు ముందూ తర్వాతా పోల్చి చూశారు. 1995లో ఫలితాలు అచ్చయ్యాయి. ఇంకా ఎవరి ఉద్యోగమూ పోలేదు, వార్త మాత్రమే వచ్చింది. అంతలోనే మిగతా శాఖల వారితో పోలిస్తే వీరి ఆరోగ్యం దిగజారింది.

అంతకంటే ముందే అమెరికాలో, మూతపడబోతున్న రెండు ఫ్యాక్టరీల కార్మికుల ఇళ్లకు నర్సులు వెళ్లి నెలల తరబడి బీపీ కొలిచారు. మూతపడుతుందని ఎదురుచూసిన రోజుల్లోనే బీపీ పెరిగింది. మళ్లీ ఓ పనిలో కుదురుకున్నాక తగ్గింది. ఈ రెండో మాట కూడా గుర్తుంచుకోండి. పెరిగిన బీపీ అలాగే ఉండిపోవాలని లేదు.

మన దగ్గర పెద్దవాళ్లకు 1983 గుర్తుండే ఉంటుంది. ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయిన కొత్తలో పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించారు. ఫిబ్రవరి 8న ఉత్తర్వు వచ్చింది, 55 దాటినవారంతా ఫిబ్రవరి 28న ఇంటికి వెళ్లారు. మధ్యలో ఉన్నది 20 రోజులే. మరుసటి ఏడు జనవరిలో కరణం, మునసబు పదవులను రద్దు చేశారు. విరమణ వయసు తర్వాత మళ్లీ 58 అయింది, మధ్యలో నష్టపోయినవారి పక్షాన 1985లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కోర్టులో తేల్చుకోవడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లు ఆ ఇళ్లలో ఎవరి బీపీ ఎంత ఉండేదో కొలిచినవారు లేరు. మీ ఇంట్లో తాతో, పెదనాన్నో ఆ కాలం ఉద్యోగి అయితే ఒకసారి అడిగి చూడండి. మీ బిడ్డ బెంగ మీకంటే వారికే బాగా అర్థమవుతుంది.

ఒంట్లో జరిగేది ఇదీ

ఎదురుగా పాము కనిపిస్తే గుండె వేగం పెరుగుతుంది, రక్తంలోకి చక్కెర వస్తుంది, కండరాలు బిగుసుకుంటాయి. పరుగెత్తడానికి ఒళ్లు అలా సిద్ధమవుతుంది. పాము పోయాక అన్నీ సర్దుకుంటాయి. ఉత్తర్వు కోసం ఎదురుచూడటమంటే పాము గదిలో ఎక్కడో ఉందని తెలిసి, ఎక్కడుందో తెలియకపోవడం. అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు దిగాల్సినంత దిగవు. వారాలు, నెలలు అలా సాగితే నిద్ర పలచబడుతుంది, బీపీ పెరుగుతుంది. షుగరు ఉన్నవారికి మాత్రలు అవే వేసుకుంటున్నా అదుపు తప్పుతుంది. అజీర్తి, తలనొప్పి, నడుము నొప్పి, నెలసరి తప్పడం కూడా ఉంటాయి. వీటికి తోడు మనం చేసుకునేవి కొన్ని. టీలు, సిగరెట్లు పెరుగుతాయి. నడక మానేస్తాం. ‘నిద్ర కోసం’ అని మొదలుపెట్టిన మందు మొదట్లో నిద్ర తెప్పిస్తుంది. తర్వాత సరిగ్గా రెండున్నరకు లేపేది కూడా అదే.

మందుల షాపులో అడిగి నిద్రమాత్ర తెచ్చుకోకండి. అల్ప్రాజోలాం లాంటివి కొద్ది వారాల్లోనే అలవాటుగా మారతాయి. అలవాటయ్యాక ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ కూడా రావచ్చు. అవసరమనుకుంటే డాక్టరే రాస్తారు, ఎప్పుడు ఎలా తగ్గించాలో కూడా చెబుతారు.

బీపీ విషయంలో ఒక పని చెయ్యండి. వారం రోజులు పొద్దున, సాయంత్రం ఐదు నిమిషాలు కూర్చున్నాక కొలిచి కాగితం మీద రాయండి. ఇంట్లో కొలిచినప్పుడు సగటు 135/85, ఆపైన ఉంటే ఆ కాగితం పట్టుకుని డాక్టరును కలవండి. ‘మా ఆఫీసులో పరిస్థితి ఇదీ’ అని నోరు తెరిచి చెప్పండి. ఆ ఒక్క వాక్యంతో వైద్యం మారిపోవచ్చు. ఇప్పటికే బీపీ, షుగరు మాత్రలు వాడుతుంటే ఖర్చు తగ్గించుకుందామని వాటిని మాత్రం ఆపకండి. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది వస్తే చాలామంది మొదట ఆపేది అవే. ఇక నడుస్తుంటే ఛాతీ బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు వస్తే అది టెన్షనా గ్యాసా అని ఇంట్లో తేల్చుకోవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించండి.

రాత్రి ఫోన్ పడకగదిలో వద్దు. నిజమైన ఉత్తర్వు పొద్దున ఎనిమిదికి చూసినా మారదు. రోజుకు రెండుసార్లు, ఫలానా వేళకే గ్రూపు చూస్తామని పెట్టుకున్నవారికి బెంగ పోకపోయినా నిద్ర నిలుస్తుంది. మదనపల్లెవాళ్లకు వేళ విలువ చెప్పక్కర్లేదు. ఊరి పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం మొదలైనప్పుడు ఆ జబ్బుకు మందే లేదు. ఆ కాలం శానిటోరియాలలో రోగి నెలల తరబడి ఏమవుతుందో తెలియక ఎదురుచూడాల్సిందే. వైద్యులు ఇవ్వగలిగింది మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, గంట కొట్టినట్టు సాగే దినచర్య. తేలని రోజులు గడపడానికి వేళకు లేవడం, వేళకు తినడం, ఎండ పడేలా అరగంట నడవడం ఇప్పటికీ పనికొస్తాయి. రాగి సంగటి, ఆకుకూర పప్పు మన ఇళ్లలో ఉన్నవే. ఈ రోజుల్లో బయటి బజ్జీలు, బిర్యానీ కాస్త తగ్గించండి.

ఇంట్లోవాళ్లు ఏం చెయ్యాలి?

గేటు తీయగానే ‘ఏమబ్బా, ఏమన్నా తెలిసిందా?’ అని అడగడం మానండి. తెలిస్తే చెప్పకుండా ఉంటారా? ‘ఆ రోజే బ్యాంకు పరీక్ష రాయమంటే విన్నావా’ అన్న మాట అసలే వద్దు. ఆడవాళ్ల విషయంలో ఇంకో మాట వినిపిస్తుంది. ‘పోతే పోయిందిలేమ్మా, మీ ఆయన సంపాదన ఉంది కదా’ అంటారు. ఓదార్పు అనుకునే ఈ మాట, ఆమె చదివిన చదువునూ తెచ్చిన జీతాన్నీ లెక్కలోంచి తీసేస్తుంది. పుంగనూరు నుంచి కుప్పం వైపు బదిలీ వస్తే బస్సులోనే గంటలు పోతాయి. అప్పుడు వంట ఎవరు చేస్తారు, పిల్లలను బడి నుంచి ఎవరు తెస్తారు, అవ్వను ఆసుపత్రికి ఎవరు తీసుకెళతారు? ఈ పనులు ఇప్పుడే పంచుకుని పెట్టుకుంటే ఆమె తల మీది బరువు సగం దిగుతుంది.

ఒక ఆదివారం పొద్దున భార్యాభర్తలిద్దరూ కూర్చుని లెక్క రాయండి. ఇంటి లోను, చీటీలు, బంగారం మీద అప్పు, ఫీజులు అన్నీ రాసి, ఆరు నెలలు జీతం రాకపోతే ఏది కట్టాలి, ఏది ఆపాలి అని చూడండి. కష్టంగానే ఉంటుంది. కానీ రాసిన అంకె, రాత్రి చీకట్లో తిరిగే అంకె కంటే ఎప్పుడూ చిన్నదే.

ఆ లెక్కలో వైద్యం కూడా ఉండాలి. కార్డు ఉండగానే వాయిదా వేసిన పరీక్షలు, కంటి ఆపరేషన్, పళ్ల పని ముగించుకోండి. రూ.21 వేల లోపు జీతంతో ఈఎస్‌ఐ కడుతున్న ఔట్‌సోర్సింగ్ ఉద్యోగులైతే, కొలువు పోయిన మర్నాడే వైద్యం ఆగిపోతుందనుకోవద్దు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టిన చందాకు తర్వాతి జనవరి నుంచి జూన్ దాకా, అక్టోబరు నుంచి మార్చి దాకా కట్టినదానికి జులై నుంచి డిసెంబరు దాకా ప్రయోజనం ఉంటుంది. ఉద్యోగం పోయినవారికి సగటు వేతనంలో సగాన్ని 90 రోజుల దాకా, జీవితంలో ఒకసారి ఇచ్చే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కూడా ఈఎస్‌ఐలో ఉంది. దాని గడువును పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి దగ్గరి ఈఎస్‌ఐ బ్రాంచిలో అడిగి తెలుసుకోండి.

ఉద్యోగం నిలిచినవారి మాట

జాబితాలో మీ పేరు లేదని తేలితే కథ అయిపోయిందనుకుంటారు. ఫిన్లాండ్‌లోని రైసియో అనే చిన్న ఊరి మున్సిపల్ ఉద్యోగుల కథ వేరేలా ఉంది. 1990ల మొదట్లో అక్కడ ఆర్థిక మాంద్యంలో సిబ్బందిని తగ్గించారు. కోత ఎక్కువగా పడిన విభాగాల్లో, కొలువు నిలిచినవారిలోనే దీర్ఘకాలిక అనారోగ్య సెలవులు రెండింతలు దాటాయి. తర్వాత అక్కడే 10 పట్టణాల ఉద్యోగులను ఏళ్ల తరబడి గమనిస్తే, పెద్ద కోతల తర్వాత మిగిలిన సిబ్బందిలో గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయే ప్రమాదం దాదాపు రెండు రెట్లుగా తేలింది. పదిమంది పని ఆరుగురి మీద పడితే అంతే మరి. కాబట్టి సచివాలయంలో మిగిలిన ఆరుగురిలో మీరొకరైతే, ముందు చెప్పిన బీపీ కాగితం మీకూ వర్తిస్తుంది. వెళ్లిపోయిన సహోద్యోగికి ఫోన్ చెయ్యడం కూడా మానకండి. ఏం మాట్లాడాలో తెలియక మానేస్తాం. అవతలివాళ్లకు అది వెలివేసినట్టు ఉంటుంది.

రెండు వారాలకు పైగా దేనిమీదా ఆసక్తి లేకపోవడం, తిండి, నిద్ర తప్పడం, ‘నేనొక దండగ’ అనే మాటలు కనిపిస్తే అది బెంగ దాటి డిప్రెషన్ కావచ్చు. వైద్యంతో తగ్గే జబ్బు అది. మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. కుప్పంలోనూ మెడికల్ కాలేజీ ఉంది. ఉన్నట్టుండి ఇన్సూరెన్స్ కాగితాలు, పాస్‌బుక్కులు సర్ది చేతికిస్తున్నా, ‘నేను లేకపోయినా మీరు బాగుంటారు’ అంటున్నా ఊరుకోవద్దు. ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగినందుకు చాలామంది తేలికపడతారు. అవునంటే ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు. పురుగుమందులు, మాత్రలు అందకుండా తీసి దాచండి. ఆసుపత్రికి వెళ్లేలోగా టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చెయ్యండి. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఉద్యోగి తరఫున ఇంట్లోవాళ్లయినా చెయ్యవచ్చు.