దడికి తగ్గ తీగ

కృష్ణా డెల్టాలో పెరటి దడి అంటే ఒకప్పుడు తాటిమట్టలు, కందికంప, సరుగుడు కర్రలు. వానలకు ముందు విప్పి మళ్లీ కట్టుకునేవాళ్లు. దాని మీద ఒక మూల దొండపాదు, ఇంకో మూల తీగబచ్చలి, ఎవరూ నాటకుండానే మొలిచిన తిప్పతీగ ఉండేవి. ఇప్పుడు పోరంకి, పెనమలూరు, గన్నవరం, తాడేపల్లి వైపు లేస్తున్న కొత్త ఇళ్లకు సిమెంటు స్తంభాలు, ఇనుప మెష్ వచ్చాయి. మే నెల మధ్యాహ్నం ఆ మెష్ మీద చెయ్యి ఆనదు. దానిమీదికి పచ్చగా ఏదైనా పాకించుకోవాలని అందరికీ ఉంటుంది. రోజూ నీళ్లు పోసి, వారం వారం కత్తెర పట్టే తీరికే చాలా ఇళ్లలో లేదు.

అలాంటివాళ్లు నర్సరీలో పువ్వును చూసి తీగ కొనకూడదు. కడియం నుంచి లారీల్లో వచ్చే మొక్క షేడ్‌నెట్ కింద, రోజూ తడి తగులుతూ పెరిగింది. విజయవాడ పెరట్లో అది రెండు కాలాలను దాటాలి. మొదటిది ఎండాకాలం: కాలువలు కట్టేసి ఉంటాయి, ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. రెండోది వానాకాలం చివర: నల్లరేగడిలో నీళ్లు ఇంకవు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లను ముంచింది, ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద కిందికి పోయింది. అంతటి వరద ఏటా రాదు, కానీ పెరట్లో నీళ్లు నిలవడం డెల్టాకు మామూలే. ఎండకు మాత్రమే ఓర్చే తీగ గానీ, తడికి మాత్రమే ఓర్చే తీగ గానీ ఇక్కడ సగం మొక్కే.

ఈ లెక్కన ముందు వరసలో నిలిచేది రాధామనోహరం. వేళ్లు కుదురుకున్నాక ఎండను తట్టుకుంటుంది, తడినీ ఓర్చుకుంటుంది. సాయంత్రం తెల్లగా విచ్చుకుని, మర్నాటికి గులాబీ రంగుకు, ఆపైన ఎరుపుకు తిరుగుతుంది. తెల్లగా ఉన్న రాత్రి పొడుగు తొండమున్న చిమ్మెటలు వస్తాయి, రంగు తిరిగాక పగటి పురుగులు, పిట్టలు వస్తాయి. ఒకే గుత్తిలో మూడు రంగులు కనిపించేది ఈ రంగు మార్పు వల్లే. రాలిన ఆకు కాడ గట్టిపడి ముల్లుగా మారుతుంది, దాన్ని ఆనుకునే తీగ పైకి పోతుంది. ఒక్క మొక్క ఇరవై అడుగుల మెష్‌ను కప్పేయగలదు కాబట్టి రెండు కొనడం దండగ. పూత అయ్యాక మొండిగా నరికినా కొత్త చిగురుకే మళ్లీ పూస్తుంది. వేళ్ల నుంచి లేచే పిలకలను మాత్రం ఎప్పటికప్పుడు పీకేయాలి.

పువ్వుకంటే కూర ముఖ్యమనుకునే ఇంటికి దొండను మించింది లేదు. ఆడపూలు ఒక తీగకు, మగపూలు ఇంకో తీగకు పూస్తాయి కాబట్టి గింజ కంటే కాయ కాస్తున్న తీగ నుంచి తెచ్చిన ముదురు కొమ్మే మేలు. నులితీగలతో మెష్‌ను తనే పట్టుకుంటుంది, తాళ్లు కట్టే పని లేదు. ఈ మొండితనమే హవాయి దీవుల్లో దొండను చెట్లను కమ్మేసే కలుపుగా మార్చింది. ఇక్కడ మాత్రం కోత, కూర కలిసి దాన్ని అదుపులో ఉంచుతున్నాయి.

అసలు ఏ పనీ వద్దనుకునేవాళ్లకు నల్లేరు ఉంది. నాలుగు పలకల కాడలో నీరు దాచుకుంటుంది కాబట్టి వేసవిలో వారాల తరబడి తడి లేకపోయినా చావదు. ముక్క విరిచి గుచ్చితే బతుకుతుంది. లేత కణుపులకు నార తీసి, దురద పోయేలా చింతపండు వేసి పచ్చడి చేస్తారు. పూల అందం లేదని దీన్ని పక్కన పెట్టడం అన్యాయం. తోడుగా శంఖుపుష్పం గింజలు నాలుగు వేస్తే నీలం, తెలుపు పూలు ఎటూ వస్తాయి. అది చిక్కుడు కుటుంబం మొక్క, ఎరువు కోసం ఎదురుచూడదు.

మచిలీపట్నం, నాగాయలంక వైపు ఉప్పునేలలకు కాగితంపూలు నయం. ఉప్పును కొంత ఓర్చుకుంటాయి, నీళ్లు తగ్గితేనే బాగా పూస్తాయి, ముళ్లకు పశువులు దగ్గరికి రావు. అయితే నులితీగలు లేని ఈ మొక్క తనంత తాను ఎక్కదు, కొమ్మలను కట్టాలి. అడుగున నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది, గట్టు పోసి నాటాలి.

మల్లెను, తమలపాకును ఈ కోవలో చేర్చి అమ్మడం సరికాదు. మైలవరం వైపు మల్లెతోటలు ఊరికే పూయవు. చలికాలంలో నీళ్లు ఆపి, కొమ్మలు కత్తిరించి, ఆకు దూస్తేనే వేసవి మొగ్గ. పొన్నూరు వైపు తమలపాకు తోటల్లో అవిసె నీడ, ఎడతెగని తడి కావాలి. ఇనుప మెష్ మీద నడి ఎండలో అది బతకదు. మాధవీలత మీద మోజు పడేవాళ్లూ ఉన్నారు. 1781లో సామర్లకోటకు వైద్యుడిగా వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల మీద వేసిన సంపుటాల్లో దానికి చోటిచ్చాడు. మన నేల మొక్కే, పూల పరిమళమూ గొప్పదే. కానీ అది అడవిచెట్లను అల్లుకునే మానుతీగ, రీయూనియన్ దీవిలో అడవినే మింగుతోంది. పెరటి మెష్ దాని బరువు మోయదు. పిల్లలున్న ఇంట్లో గురివింద అసలే వద్దు, దాని గింజలో ఉన్నది ప్రాణం తీసే విషం.

బరువు సంగతి డెల్టాలో తేలిగ్గా తీసుకోవద్దు. దట్టంగా అల్లుకున్న తీగ గాలికి తెరచాపలా పనిచేస్తుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ లాంటి తుపాను వస్తే ముందు ఒరిగేది తీగ నిండిన సన్నస్తంభాల కంచే. అందుకే సెప్టెంబరు చివర ఒకసారి సగానికి సగం కోసేయాలి. ఏడాదికి చేయక తప్పని పెద్దపని అదొక్కటే.

ఇంకో చిన్నపని నేల దగ్గర ఉంది. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు ఎంత పెరిగాయంటే, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయంలో దేవాదాయశాఖే సర్పయాగం చేయించింది. తీగ మొదట్లో చెత్త పేరుకుంటే ఎలుకలు చేరతాయి, వాటి వెనక పాములు. నేల నుంచి అడుగు ఎత్తు వరకు ఆకులు దూసేసి, మొదలు కనిపించేలా ఉంచితే పచ్చదనానికి లోటు రాదు, చీపురు కూడా తిరుగుతుంది.

నాటే అదను తొలకరి. రెండు వానలు పడి నేల చల్లబడ్డాక దొండ కొమ్మలు, నల్లేరు ముక్కలు గుచ్చితే వేరు పట్టేదాకా నీళ్లు వానే పోస్తుంది. తొలి వేసవి మాత్రం ఏ తీగకైనా వారానికి రెండు తడులు ఇవ్వాల్సిందే. తీగ మొదట్లో ఎండుగడ్డి గానీ, కొబ్బరి పీచు గానీ పరిస్తే ఒకటి సరిపోతుంది.